బొమ్మ వెనక గోదారి

జపాన్ టీవీలో అనిమే ఏడాదికి నాలుగు కార్లు పండుతుంది: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు. ఒక్కో కారుకు పన్నెండో పదమూడో భాగాలు, ఆ వెంటనే కొత్త నారు. సార్వా, దాళ్వాలతో సరిపెట్టుకునే మన డెల్టా వాళ్లకు ఇది కాస్త అత్యాశగానే కనిపిస్తుంది.

2026 జనవరి కారులో, మనకు సంక్రాంతి సందడి ఉండగానే, 'ఫ్రీరెన్' రెండో సీజన్ మొదలైంది. కథానాయిక వెయ్యేళ్లు దాటిన మంత్రగత్తె. ముఖాన ముడత కనపడదు, మాటా తక్కువే. మరి కాలం గడిచిందని మనకు చెప్పేదెవరు? వెనకున్న బొమ్మ. మొదటి సీజన్‌లో ఆమె పాత నేస్తం విగ్రహాలు దారి పొడవునా తగులుతుంటాయి. వాటికి పట్టిన పాచి చూసి ఏళ్లు లెక్కేసుకోవాలి. పోరాటాలు బాగుంటాయి, కాదనను. నా ఓటు మాత్రం ఆ పాచికే.

ఇరవై చిల్లర నిమిషాల భాగంలో ఇంచుమించు మూడు వందల షాట్లుంటాయి. పాత్ర కదిలేటప్పుడు సెకనుకు సుమారు ఎనిమిది బొమ్మలు మారతాయి. వెనక చెట్టూ చేమా చాలాసార్లు ఒక్కటే బొమ్మ, షాటు అయ్యేదాకా కదలదు. కంప్యూటర్లు రాకముందు పాత్రను పారదర్శకమైన షీటు మీద గీసి, కాగితం మీద పోస్టర్ రంగులతో వేసిన దృశ్యంపై పరిచి ఫొటో తీసేవారు. 1988లో వచ్చిన 'మై నైబర్ టోటోరో' అనిమే చిత్రానికి అలా దృశ్యాలు సిద్ధం చేయించిన కళాదర్శకుడు కజువో ఓగా. ఆయనది ఉత్తరాన అకితా. కథ జరిగేది టోక్యో పక్కన, ఎర్రమన్ను నేల మీద. సొంతూరి మట్టి రంగు చేతికి అలవాటైనవాడు పక్క ప్రాంతం మట్టిని పట్టుకోవడం తేలిక కాదు.

గోదారి గీసేవాళ్లకూ అదే తిప్పలు. జూలై, ఆగస్టుల్లో వరదొస్తే నీళ్లు ఎర్రమట్టి రంగు. పులస ఎదురీదేది ఆ నీళ్లలోనే. సంక్రాంతినాటికి తేరుకుని నీలం తిరుగుతుంది. ఎండాకాలం ఇసుక తిన్నెలు తేలతాయి. ఏ నెలో తెలియని గోదారి బొమ్మ నాకు క్యాలెండరు బొమ్మలాగే కనపడుతుంది.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర స్వయంగా చిత్రకారుడు. పిల్లల్లో చేయి తిరిగినవాళ్లను పట్టేసేవాడు. ఆయన కళ్లలో పడ్డ దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకుండా మశూచి తీసుకుపోయింది. ఆ కాస్త కాలంలోనే ఆంధ్ర చిత్రకళకు ఒక బాణీ ఏర్పడింది. ఆయన పేర ఉన్న గ్యాలరీ ఇప్పటికీ రాజమండ్రిలో ఉంది. పుష్కరాల రేవులకు వెళ్లేవాళ్లలో పదోవంతు అటు తొంగిచూసినా ఆ గదులు పట్టవు. వెళ్తే ఓ పని చేయండి: ఆ బొమ్మల్లో మనుషుల్ని ఒకసారి వదిలేసి, వాళ్ల వెనకేముందో చూడండి.

అదే దొర శిష్యుడు భీమవరం వైపు అడివి బాపిరాజు. నవలాకారుడిగానే ఆయన అందరికీ తెలుసు. కానీ సినిమాలకు కళాదర్శకత్వం చేసినవాడు కూడా. 1936లో సి. పుల్లయ్య పిల్లలతో తీసిన 'అనసూయ', 'ధ్రువ విజయం' జంట చిత్రాల వెనక దృశ్యాలు బాపిరాజు చలవే.

నరసాపురంలో పుట్టిన బాపు సంగతి వేరే చెప్పాలా? షాట్లన్నీ ముందే బొమ్మలుగా గీసుకుని సెట్టుకు వెళ్లే దర్శకుడాయన. అనిమే వాళ్లు స్టోరీబోర్డు అని చేసే పనీ ఇదే. తొలి సినిమా 'సాక్షి'ని 1967లో స్టూడియో సెట్లు మానేసి పులిదిండి ఊళ్లోనే తీశారు, అదీ నలుపు తెలుపులో. 'అందాల రాముడు'లో పడవ సాగుతున్నంతసేపూ వెనక ఒడ్డు మారుతూనే ఉంటుంది. 'సీతా కల్యాణం'కొచ్చేసరికి తెరంతా బాపు బొమ్మే, మనుషులు అందులోకి దిగివచ్చి నటించినట్టుంటుంది.

మళ్లీ జపాన్‌కొస్తే, టోటోరో తిరిగిన సయామా కొండల్లో అడవి పోతుందని అభిమానులు చందాలు వేసుకున్నారు. 1991 నుంచి ముక్కముక్కగా నేల కొని కాపాడుతున్నారు. మనకూ అలాంటిదొకటి ఉండేది: కొవ్వూరు మండలం కుమారదేవంలో గోదారి గట్టు మీది నిద్రగన్నేరు. వయసు నూట యాభై ఏళ్లంటారు. 'పాడిపంటలు' సినిమాతో మొదలెట్టి మూడు వందల సినిమాల దాకా దాని నీడన తీశారని ఊరి లెక్క. పేరే సినిమా చెట్టయింది. హీరోలు మారారు, చెట్టు అలాగే నిలబడి వెనక వేషం వేస్తూ వచ్చింది. 2024 ఆగస్టు వరదల్లో పడిపోయింది. బతికించే ప్రయత్నాలు జరిగి, మొదలు దగ్గర చిగుళ్లు వేసిందని వార్తలొచ్చాయి. నాకు తెలిసి ఏ టైటిల్స్‌లోనూ దాని పేరు పడలేదు.

ఆ కొవ్వూరు వారే రచయిత విజయేంద్రప్రసాద్. 'బాహుబలి' కథకుడు. జపాన్ దర్శకుడు యుగో సాకో మన రామ్ మోహన్‌తో కలిసి తీసిన 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' 2025 జనవరి 24న మెరుగుపరిచిన ప్రింటుతో తెలుగులోనూ థియేటర్లకు వచ్చినప్పుడు ఆ కొత్త డబ్బింగుల వెనక ఆయనా ఉన్నారు. ఆ చిత్రం పూర్తయింది తొంభైల మొదట్లో. దాదాపు నాలుగు వందల యాభై మంది చిత్రకారులు చేత్తో గీశారు. కాలక్షేపానికి ఈ తరం పిల్లలు దాన్ని మళ్లీ చూస్తుంటే, అరణ్యకాండ ఘట్టాల దగ్గర ఒకసారి మాటలు ఆపేసి చూపించండి. ఆకుల్లో, వెలుగులో, కొండల దూరంలో జపాన్ చేయి ఎక్కడ కనపడుతుందో వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు.