గెడ్డలో రాయి తిప్పితే మన సేద్యం సంగతి తెలిసింది

పై వీడియోలో నేను రాళ్లు తిప్పుతుంటే మా చిన్నాన్న "ఏట్రా, చేపల కోసమా?" అని అడగడం విన్నారు కదా. చేపల కోసం కాదు, పురుగుల కోసం.

మాది పాడేరు ఏజెన్సీ. పొలం పక్కనే గెడ్డ పారుతుంది. ప్రకృతి సేద్యంలోకి వచ్చి 6 ఏళ్లయింది. రసాయనాలు మానేశాం కదా, ఇక మా వల్ల గెడ్డకి హాని లేదని ధీమాగా ఉండేవాణ్ణి.

చూసే పద్ధతి తేలికే. ఒకరు పాత దోమతెర ముక్కని పారే నీటికి అడ్డంగా పట్టుకోవాలి. ఇంకొకరు దానికి కాస్త ఎగువన 2 నిమిషాలు కాలితో రాళ్లు కదపాలి. తెరలో పడినవాటిని నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలో వేసి చూసి, మళ్లీ గెడ్డలోనే వదిలేయాలి.

పొలానికి ఎగువన పళ్లెం కళకళలాడింది. మేఫ్లై పిల్లలున్నాయి. పొట్టకి రెండు పక్కలా మొప్పలు, వెనక 3 తోకలు. రెక్కలొచ్చాక ఇవి ఒకట్రెండు రోజులే బతుకుతాయి, అంతకుముందు బతుకంతా నీళ్లలోనే. ఇసుక రేణువులు అతికించి గూడు కట్టుకునే క్యాడిస్‌ఫ్లై పిల్లలు, తూనీగ పిల్లలు, చిన్న పీతలు కూడా దొరికాయి. వీటిలో కొన్ని రాలిన ఆకుల్ని కొరికి తింటాయి, కొన్ని రాళ్ల మీది పాచి గీకి తింటాయి. చేపలకి, కప్పలకి ఇవే మేత. తూనీగ పిల్ల దోమ పిల్లల్ని తింటుంది, రెక్కలొచ్చాక మన చేలో ఎగిరే పురుగుల్ని పడుతుంది.

దిగువన, మేం డ్రమ్ములు కడిగే చోట, మేఫ్లై ఒక్కటీ లేదు. అన్నీ ఎర్ర పురుగులే. వాటి ఎరుపు హిమోగ్లోబిన్‌ది, అందుకే ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటాయి. అడుగు బురదగా ఉందేమోనని కాస్త కిందకెళ్లి రాళ్లున్న చోట కూడా చూశాను. అక్కడా అంతే.

అప్పుడు ఆలోచనలో పడ్డాను. జీవామృతం డ్రమ్ము కడిగితే పేడ, బెల్లం గెడ్డలో కలుస్తాయి. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ వాడేస్తాయి. ఇక అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది. పొగాకులోని నికోటిన్ పురుగుల నరాల మీద పనిచేసే విషం. ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పనిచేసేదీ అదే తీరుగా. ఆ మందులు నీళ్లలో కలిస్తే ముందు చచ్చేవాటిలో మేఫ్లైలు ఉంటాయి. చేలో పురుగుని చంపే కషాయం గెడ్డలో పురుగుని వదులుతుందా? ప్రకృతి మందు అయినంత మాత్రాన నీటికి మంచిది అయిపోదు.

అప్పట్నుంచి స్ప్రేయర్లు, డ్రమ్ములు గెడ్డకి దూరంగా అరటి చెట్ల దగ్గరే కడుగుతున్నాం. కడిగిన నీళ్లు చేలోకే పోతాయి. గట్టు మీద గడ్డి, చెట్లు కొట్టడం మానేశాం. నీడ ఉంటే నీళ్లు చల్లగా ఉంటాయి, చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది.

రెండు వర్షాకాలాలు గడిచాయి. ఈ చలికాలం అదే చోట తెర పడితే 4 మేఫ్లై పిల్లలు దొరికాయి. నాలుగే! కానీ వీడియోలో నా మొహం చూడండి, పంట చేతికొచ్చినంత సంబరం.