కెరటానికి ఎన్ని బొమ్మలు?

శ్రీకాకుళం జిల్లాలో వంశధార నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉన్నది. ఒకప్పుడు ఓడలు వచ్చిపోయిన రేవు అది. ఇప్పుడు అక్కడి దీపస్తంభాన్నీ, ఇసుక తిన్నెలనూ, సముద్రాన్నీ చూడటానికి జనం వెళుతూ ఉంటారు. ఆ ఒడ్డున నిలబడి మీరెప్పుడైనా ఒక్క కెరటాన్నే కనిపెట్టి చూశారా? దూరాన అది నీటిమీద చిన్న మడతలాగా లేస్తుంది. దగ్గిరికి వచ్చేకొద్దీ వీపు ఎత్తుతుంది. తల ముందుకు వాల్చి, నురగ కక్కుతూ విరిగిపడుతుంది. ఇసుకమీద పల్చగా పాకి, వెనక్కు జారిపోతుంది.

ఈ కెరటాన్ని బొమ్మల సినిమాలో చూపించాలంటే ఎన్ని బొమ్మలు గీయాలో తెలుసా?

సినిమా తెరమీద సెకనుకు 24 బొమ్మలు వచ్చిపోతాయి. వాటిలో ఏదీ కదలదు. అయితే ఒకదాని వెంట ఒకటి అంత వేగంగా రావటంవల్ల, మన కన్నూ మెదడూ కలిసి వాటిని ఒకే కదలికగా చూస్తాయి. పాత నోటుపుస్తకం అంచున, ఒక్కొక్క కాగితం మీద బంతిని కొంచెం కొంచెం జరిపి గీసి, కాగితాలను బొటనవేలితో గబగబా వదిలితే బంతి ఎగురుతుంది. కిటుకు అదే. చేత్తో బొమ్మలు గీసేవారు సాధారణంగా ప్రతి బొమ్మనూ రెండేసిసార్లు ఫోటో తీసి, సెకనుకు 12 బొమ్మలతో సరిపెట్టేవారు. మన కెరటానికి 8 సెకన్లు పట్టిందనుకుంటే 96 బొమ్మలు కావాలి. ఒక్క కెరటానికి!

ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదు. ఆరితేరిన చిత్రకారుడు ముఖ్యమైన బొమ్మలు మాత్రమే గీసేవాడు: కెరటం లేచినప్పుడు ఒకటి, వంగినప్పుడు ఒకటి, విరిగినప్పుడు ఒకటి. వాటి మధ్య రావలసిన బొమ్మలను అతని కింద పనిచేసే చిన్న చిత్రకారులు పూర్తిచేసేవారు. తరవాత ఆ గీతలను ‘సెల్’ అనే పల్చటి పారదర్శకమైన రేకు మీదికి సిరాతో ఎక్కించేవారు. రంగు మాత్రం రేకుకు వెనకవైపు పూసేవారు. అలా అయితే ముందువైపు గీతలు చెడవు. ఆ రేకును, విడిగా చిత్రించిన కొండలూ చెట్లూ ఉన్న దృశ్యం మీద పరిచి, పైనుంచి ఫోటో తీసేవారు. రేకు తీసి ఇంకొకటి పరచటం, మళ్ళీ ఫోటో తీయటం! 1937లో వాల్ట్ డిస్నీ తీసిన ‘స్నోవైట్’ ఇలా తయారైనదే. తొలి రోజుల్లో ఖర్చు కలిసివస్తుందని, పని అయిన రేకులను కడిగి మళ్ళీ వాడేవారు. మిగిలిన ఆ పాత రేకులను ఈనాడు వేలంపాటలో పోటీలుపడి కొంటున్నారు.

డిస్నీ సంస్థలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్‌కు వచ్చి మన చిత్రకారులకు ఈ పని నేర్పాడు. మరుసటి ఏడు అక్కడ ఒక చిన్న బొమ్మల చిత్రం తయారయింది. అది మర్రిచెట్టు జింక జాతక కథ. కళింగపట్నానికి దగ్గిరలో ఉన్న శాలిహుండం కొండ ఎక్కి బౌద్ధస్తూపాలు చూసినవారికి జాతక కథలు కొత్తకాదు గదా! వీక్స్ దగ్గిర నేర్చుకున్నవారిలో రామ్ మోహన్ అనే యువకుడు తరవాత మన దేశపు కార్టూను చిత్రాలకు పెద్దదిక్కయ్యాడు.

రామ్ మోహన్ చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ‘రామాయణ’. యూగో సాకో అనే జపాను దేశస్థుడు 1983లో మన దేశం వచ్చి, రామాయణానికి సంబంధించిన తవ్వకాల మీద ఒక చిత్రం తీశాడు. అప్పటినుంచి ఆయనకు రామకథ మీద మనసు పడింది. రాముడు దేవుడు, దేవుడి వేషం మనిషి కట్టటం కన్న బొమ్మగా గీస్తేనే బాగుంటుందని ఆయన అభిప్రాయం. సాకో, కోయిచి ససాకి, రామ్ మోహన్ కలిసి తీసిన ఆ చిత్రం 1992లో పూర్తయింది. దాని కోసం 450 మంది చిత్రకారులు సుమారు లక్ష రేకులు చిత్రించారు. లెక్క మీరే చూడండి. సినిమా రెండుంబావు గంటలు, అంటే 8,100 సెకన్లు. సెకనుకు 12 చొప్పున 97,200!

ఆ సినిమా పూర్తయ్యేనాటికే కంప్యూటరు గుమ్మంలోకి వచ్చేసింది. అది ముందు రంగుల గదిలో అడుగు పెట్టింది. 1990లో డిస్నీవారి ‘ది రెస్క్యూయర్స్ డౌన్ అండర్’ చిత్రానికి గీతలు కాగితం మీదే గీశారు, రంగులు మాత్రం కంప్యూటరులో నింపారు. 1995లో పిక్సార్ వారి ‘టాయ్ స్టోరీ’ వచ్చింది. దానికి కాగితం మీద బొమ్మలే అక్కర్లేకపోయింది. మొత్తం సినిమా కంప్యూటరులోనే తయారైంది.

తోలుబొమ్మలాట చూసినవారికి దాని సంగతి ఇట్టే బోధపడుతుంది. తోలుబొమ్మలు చేసేవాడు ఆటలో ప్రతి క్షణానికీ కొత్త బొమ్మ కొయ్యడు. ఒక బొమ్మ కోసి, భుజం దగ్గిరా మోచెయ్యి దగ్గిరా కీళ్ళు కట్టి, పుల్లలతో ఆడిస్తాడు. కంప్యూటరులో కూడా బొమ్మను ఒకసారి తయారుచేసి, లోపల ఎముకలూ కీళ్ళూ అమర్చుతారు. చెయ్యి ఇక్కడ మొదలై అక్కడ ఆగాలని చిత్రకారుడు నిర్ణయిస్తే, మధ్యలోని భంగిమలు కంప్యూటరు లెక్కకట్టి నింపుతుంది. వెలుతురూ నీడా కూడా లెక్కలే.

ప్రేక్షకులు కొత్తదానికి ఎగబడ్డారు. అదే కాలంలో డిస్నీవారి ‘ట్రెజర్ ప్లానెట్’, ‘హోమ్ ఆన్ ది రేంజ్’ అనే చేతిబొమ్మల చిత్రాలు దెబ్బతిన్నాయి. 2004లో ఫ్లోరిడాలో ఉన్న వారి బొమ్మల స్టూడియోను మూసేశారు. ఇక పెన్సిలుకు కాలం చెల్లిందన్నారు. కథ జనానికి పట్టకపోతే పెన్సిలేం చేస్తుంది పాపం! జపానువారు తొందరపడలేదు. అక్కడ 1969 నుంచి వారం వారం టీవీలో వస్తున్న ‘సజాయే-సాన్’కు 2013 దాకా రేకుల మీదే రంగులు వేశారు.

అసలు నష్టం ఇంకొకటి ఉన్నది. మధ్య బొమ్మలు గీసే చిన్న చిత్రకారులని చెప్పాను గదా, వారికి ఆ పనే బడి. పెద్దవాడు గీసిన రెండు బొమ్మల మధ్య మూడోది ఎలా ఉండాలో వేలసార్లు గీసి గీసి, బరువు ఎలా వాలుతుందో, గుడ్డ ఎలా ఎగురుతుందో వేళ్ళకు పట్టుబడేది. కొన్నేళ్ళకు వాళ్ళే పెద్ద చిత్రకారులయ్యేవారు. ఆ పని కంప్యూటరుకు అప్పగించాక, కింది మెట్టు లేని నిచ్చెనలా అయింది.

నీటి బొమ్మల దగ్గిర తేడా స్పష్టంగా తెలుస్తుంది. 2008లో జపానుకు చెందిన హయావో మియజాకి ‘పోన్యో’ అనే చేప పిల్ల కథ తీశాడు. లక్షా డెబ్బయివేల బొమ్మలు పట్టిన ఆ చిత్రంలో సముద్రాన్నీ కెరటాలనూ గీయటానికి ఆయన తానే పూనుకున్నాడు. అక్కడి కెరటాలు పెద్ద పెద్ద చేపల్లాగా పరిగెత్తుతాయి. 2016లో వచ్చిన డిస్నీవారి ‘మోవానా’లో నీరు కంప్యూటరు లెక్కలతో పుట్టింది. అది చూస్తే చెయ్యి తడుస్తుందేమో అనిపిస్తుంది. నన్నడిగితే, పోన్యో కెరటానికే నా ఓటు. కళింగపట్నం కెరటాన్ని అచ్చంగా పోలినది మాత్రం రెండోదే.

మన తెలుగు పిల్లలకు 2025లో ఈ రెండు రకాలూ తెరమీద చూసే అవకాశం వచ్చింది. జనవరి 24న ‘రామాయణ’ను శుభ్రపరిచి, తెలుగు మాటలతో కూడా విడుదల చేశారు. జులై 25న అశ్విన్ కుమార్ దర్శకత్వంలో ‘మహావతార్ నరసింహ’ వచ్చింది. అది కంప్యూటరు బొమ్మల చిత్రం. వరాహావతారమూ నరసింహావతారమూ రెండూ అందులో ఉన్నాయి. ఆ రెండు రూపాలూ కలిసిన స్వామి సింహాచలంలో ఉన్నాడు గనక, మన ఉత్తరాంధ్ర పిల్లలకు ఆ కథ ఇంటి కథే. నరసింహుడి జూలులో ప్రతి వెంట్రుకా కదులుతుంది; చేత్తో గీసేవాడు దానికి సాహసించడు. ‘రామాయణ’లో ఆ హంగులేమీ ఉండవు. ముఖంమీద నాలుగు గీతలుంటాయి, కాని ఏ గీత వెనక చూసినా ఒక మనిషి చెయ్యి ఉన్నది.

హైదరాబాదులో పుట్టిన ‘ఛోటా భీమ్’ 2008 నుంచి టీవీలో ఆడుతున్నాడు. చూడటానికి చేత్తో గీసినట్టే ఉంటాడు గాని, అతన్ని కదిలించేదీ కంప్యూటరే.

ఇంతకూ ‘మోవానా’లో ఒక తమాషా ఉన్నది. అందులో మావీ అనే వీరుడి ఒంటినిండా పచ్చబొట్లు ఉంటాయి. ఆ పచ్చబొట్లలో ఒక చిన్న మావీ ఉండి, పెద్ద మావీని వెక్కిరిస్తూ, తిడుతూ, గంతులు వేస్తూ ఉంటాడు. ఆ చిన్నవాణ్ణి ఎలా కదిలించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు స్టూడియోవారు ఎరిక్ గోల్డ్‌బర్గ్‌కు ఆ పని అప్పగించారు. 1992లో ‘అల్లాదీన్’ చిత్రానికి దీపంలోని భూతాన్ని గీసినవాడు ఆయనే. ఆయన పెన్సిలుతో పచ్చబొట్లు గీసి కదిలించాడు. కంప్యూటరు వాటిని పెద్ద మావీ ఒంటికి అంటించింది.