సూదివైద్యమునకు వెళ్లువారికి

సూది అనగానే ఒడలు జలదరించుట సహజము. అయితే ఆక్యుపంక్చర్ అను చైనా వైద్యవిధానమున వాడు సూది మనమెరిగిన ఇంజెక్షను సూది కాదు. ఇంజెక్షను సూది మందు ఎక్కించుటకై బోలుగా ఉండును. ఇది బోలు లేని సన్నని తీగ. లావు సుమారు పావు మిల్లీమీటరు. దీనితో మందేదియు ఎక్కింపరు.

మనదేశమున ఈ విద్యకు పాదువేసినవారు డాక్టరు విజయకుమార్ బసు. జపాను దండయాత్రలో నలిగిన చైనాకు 1938లో మనవారు పంపిన ఐదుగురు వైద్యులలో, డాక్టరు కోట్నిస్‌తోపాటు, ఆయనయు ఒకరు. 1950ల చివర మరల చైనా వెళ్లి, ఈ విధానము నేర్చి, కలకత్తాలో చికిత్స ఆరంభించిరి. 2019లో కేంద్రప్రభుత్వము దీనిని ఒక చికిత్సావిధానముగా గుర్తించినది.

కేసముద్రము మార్కెట్టు యార్డులో బస్తాలు మోసి నడుము పట్టిన హమాలీ ఒకరు ఈ చికిత్సకు వెళ్లినారనుకొందము. అక్కడ ఏమి జరుగును?

వైద్యుడు మొదట నొప్పి ఎప్పటినుండి ఉన్నదో, నిద్ర, ఆకలి ఎట్లున్నవో, ఏ మందులు వాడుచున్నారో అడుగును. నాడి, నాలుక చూచుటయు కలదు. పిదప పడుకొనబెట్టి సూదులు నిలుపును. నొప్పి నడుములోనైనను మోకాలి వెనుక, చీలమండ వద్ద కూడ గ్రుచ్చవచ్చును. గ్రుచ్చునపుడు చీమ కుట్టినట్లుండి, తరువాత బరువుగా, తిమ్మిరిగా తోచును. 20, 30 నిమిషములు కదలక ఉండవలెను. తీవ్రమైన పోటు గాని, తల తిరుగుట గాని కలిగినచో ఓర్చుకొనక వెంటనే చెప్పవలెను. ఖాళీ కడుపుతో వెళ్లరాదు. సూది తీసిన చోట చిన్న రక్తపుబొట్టో, కమిలిన మచ్చయో కనిపించవచ్చును.

సూదులు క్రిమిరహితములై, ఒకమారు వాడి పారవేయునవై ఉండవలెను. పొట్లమును కన్నులయెదుట విప్పుమని అడుగుట మర్యాదకు లోపము కాదు. ఒకరికి వాడిన సూదివలన మరియొకరికి కాలేయవ్యాధులు సంక్రమింపవచ్చును. గర్భిణులు, రక్తము పలుచబరచు మందులు వాడువారు ముందే తెలుపవలెను.

ఇక ఫలము మాట. దీర్ఘకాలపు నడుమునొప్పి, మోకాళ్లనొప్పి, తలనొప్పులలో కొంత ఉపశమనము పరిశోధనలలో కనిపించినది. అయితే శాస్త్రము చెప్పిన స్థానము కాని చోట గ్రుచ్చినను చాలమందికి ఇంచుమించు అంత మేలే కలిగినట్లు అవే పరిశోధనలు తెలుపుచున్నవి. కావున దీనిని నొప్పికి ఒక ఉపశమనముగా భావింపవలెనే గాని, సర్వరోగనివారిణిగా నమ్మరాదు. నడుమునొప్పితోపాటు కాలి బలము తగ్గినను, మూత్రము పట్టు తప్పినను, జ్వరము వచ్చినను, ముందు ఆసుపత్రికి పోవలెను. మధుమేహమునకు, రక్తపుపోటునకు వాడు మాత్రలను వైద్యుని అడుగక మానరాదు.