పశుకళేబరమునుండి ఎరువు: లాభమును, అపాయమును

మేళ్లచెరువు ప్రాంతపు రైతునకు ఎద్దనిన ఎంత మక్కువయో, మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతరలో జరుగు ఎడ్ల పందెములను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బ్రతికియున్నంతకాలము పశువును బిడ్డవలె సాకుదుము. అది చచ్చినపిదప మాత్రము ఊరి వెలుపలకు ఈడ్పించి, ఏ వాగు ఒడ్డుననో, ఏ చెరువు శిఖమునందో పారవైచి, దాని మాటయే మరచుచున్నాము. ఇందువలన రావలసిన లాభము పోవుచున్నది. రాగూడని రోగము వచ్చుచున్నది. చచ్చిన పశువునుండి ఏమి లభించును, దానిని ఎట్లు నిరపాయముగా ఉపయోగించుకొనవలెను, ఎప్పుడు దానిని ముట్టనే రాదు అను మూడు సంగతులను సంఘసభ్యులకు తెలుపుట మా ఉద్దేశము.

ఎముకయందలి బలము

తోలు, కొమ్ములు, గిట్టలు, ఎముకలు, కొవ్వు ఇవన్నియు వెలగల వస్తువులే. వీనిలో రైతునకు ముఖ్యమైనది ఎముక. ఎముకయందు భాస్వరమును, సున్నమును కలవు. 1842వ సంవత్సరమున ఇంగ్లండులో జాన్ బెన్నెట్ లాజ్ అనునతడు ఎముకలు మొదలగు భాస్వరపదార్థములను ఆమ్లముతో కలిపి సూపరుఫాస్ఫేటు చేయు పద్ధతికి హక్కుపత్రము పొందెను. నేడు మనము సంచులలో కొనుచున్న భాస్వరపు టెరువుల చరిత్రకు ఎముకయే మొదలు.

అయినను లాభమును ఉన్నదానికంటె పెద్దదిగా చెప్పుట న్యాయముకాదు. ఒక పశువునుండి 15 కిలోల ఎండు ఎముకలపొడి వచ్చినదనుకొందము. నూటికి 20 పాళ్లచొప్పున దానిలో 3 కిలోల భాస్వరము, అనగా ఎరువుల లెక్కలోని పి2ఓ5, ఉండును. 50 కిలోల డీ.ఏ.పీ. సంచిలో 23 కిలోలు ఉండును. కనుక ఏడెనిమిది పశువుల ఎముకలు కలిసినగాని ఒక సంచికి సరిరావు. ఒక్క రైతునకు ఇది స్వల్పము. ఊరిలో చచ్చు పశువులన్నింటి ఎముకలను కూర్చినచో స్వల్పము కాదు. ఈ పని ఒంటరి రైతుది గాక సంఘముది అని మేము చెప్పుటకు ఇదియే మొదటి కారణము.

చావునకు కారణము తెలియక ముట్టరాదు

లాభముకంటె ముందు చూడవలసినది ఆ పశువు దేనివలన చచ్చినదను సంగతి. ఆంథ్రాక్సు అని వైద్యులు పిలుచు దొమ్మరోగము అన్ని రోగములకంటె భయంకరమైనది. ఉదయము మేసిన పశువు సాయంకాలమునకు హఠాత్తుగా పడి చచ్చును. ముక్కునుండియు, నోటినుండియు, మలద్వారమునుండియు గడ్డకట్టని నల్లని నెత్తురు కారును. కళేబరము త్వరగా ఉబ్బును. సాధారణముగా చచ్చిన పశువువలె బిగిసిపోదు. అన్ని గుర్తులును ప్రతిసారి కనబడవు. కావున హఠాత్తుగా చచ్చిన ఏ పశువునైనను అనుమానింపవలసినదే.

అట్టి పశువును కోయరాదు, తోలు ఒలువరాదు, ఈడ్చుకొనిపోరాదు. మూసియున్న కళేబరములో ఈ రోగక్రిమి కుళ్లుతోపాటు చాలవరకు నశించును. కోసి గాలి తగులనిచ్చినచో అది గట్టి విత్తనమువంటి రూపము తాల్చి నేలలో అనేక సంవత్సరములు బ్రతికియుండును. ఆ చోట మేసిన పశువునకు మరల రోగము తగులును. తోలు ఒలిచినవాని చేతిగీతగుండ, మాంసము తిన్నవాని కడుపుగుండ, ఎండిన బొచ్చు ధూళి పీల్చినవాని ఊపిరిగుండ అది మనుష్యునకును ప్రాకును. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు పట్టణమున పరదేశముల ఉన్నిని, వెండ్రుకలను వేరుచేయు కూలీలు ఈ రోగముచేత చచ్చుచుండగా, అచటి ప్రభుత్వము 1919లో ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, 1921లో లివర్‌పూలు రేవున ఉన్నిని శుద్ధిచేయు కేంద్రమును తెరచెను. కడలులు దాటి వచ్చిన బొచ్చులోనే అంత అపాయము దాగియుండగా, మన వాకిట చచ్చిన పశువు విషయమున ఎంత జాగరూకత వలయునో యోచింపుడు.

కావున మొదట పశువైద్యునకు కబురు పంపవలెను. ఆయన వచ్చి చూచువరకు కుక్కలను, పిల్లలను దగ్గరకు రానీయరాదు. దొమ్మరోగమని తేలినచో ఆయన చెప్పినట్లు పూర్తిగా కాల్చివేయుటయో, బావులకును వాగులకును దూరముగా లోతైన గోతిలో పూడ్చుటయో చేయవలెను. ఆ పశువు తోలుగాని, ఎముకగాని ఎవరును ఆశింపరాదు. రోగము కనబడిన ఊళ్లలో పశువులకు ఏటేట టీకాలు వేయించుట తప్పనిసరి.

ఎముకను శుద్ధిచేయు విధము

రోగములేని పశువు ఎముకలనైనను పచ్చిగా పొలమున వేయరాదు. పచ్చియెముకలోని కొవ్వు తేమను లోపలికి పోనీయదు. అందుచేత అది నేలలో మెల్లగా కరగును. దాని వాసనకు కుక్కలు చేరి త్రవ్విపోయును. ఇంటి గుండిగలో ఉడకబెట్టి క్రిములు చచ్చినవని నమ్ముట పొరపాటు. గట్టి మూతగల ఇనుప పాత్రలో ఒత్తిడితోకూడిన ఆవిరిపై ఉడికించుటయే సరియైన విధము. ముక్కలను 50 మిల్లీమీటర్లకు మించకుండ నలుగగొట్టి, 133 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో, మూడు బారుల ఒత్తిడిలో, 20 నిమిషములు ఉంచవలెనని ఐరోపా దేశముల నిబంధన. ఇట్లుచేసినచో కొవ్వును, జిగురును విడిపోయి ఎముక పెళుసగును, సులభముగా పొడియగును. నత్రజని కొంత తగ్గును గాని భాస్వరపు పాలు పెరుగును.

అట్టి యంత్రము లేనిచోట ఎముకలను తెల్లబడువరకు కాల్చి పొడిచేయవచ్చును. ఇందువలన క్రిములు నశించును. నత్రజని మాత్రము పూర్తిగా పోవును. మిగిలిన భాస్వరము ఆవిరియెముకలోని దానికంటె ఆలస్యముగా కరగును. పొగ ఊరిమీదికి రాని చోట, గాలిదిక్కు చూచుకొని కాల్చవలెను. ఏ విధముగా పొడిచేసినను ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొనక ఆ ధూళిలో నిలువరాదు.

బజారులో కొనువారు సంచిమీది వ్రాతను చదువవలెను. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము పచ్చియెముకల పొడిలో మొత్తము భాస్వరము నూటికి 20 పాళ్లకు, ఆవిరియెముకల పొడిలో 22 పాళ్లకు తక్కువ ఉండరాదు. పైరునకు త్వరగా అందు పాలు పచ్చిదానిలో 8, ఆవిరిదానిలో 16. ఈ ఒక్క భేదమే రెంటిలో ఏది కొనదగినదో చెప్పుచున్నది.

మన నేలకు తగినట్లు వాడుట

మేళ్లచెరువు సున్నపురాతి సీమ. ఇక్కడి సిమెంటు కర్మాగారములు అందుకు సాక్ష్యము. ఎముకలోని భాస్వరము పులుపుగల నేలలో త్వరగా కరగును; సున్నము హెచ్చుగానున్న నేలలో మిక్కిలి మెల్లగా కరగును. సాగరు ఎడమకాలువ క్రింది వరిమళ్లలో ఎముకల పొడి చల్లి, ఆ పంటకే ఫలితము రాలేదని నిట్టూర్చుట తగదు. మా సలహా యేమనగా, దానిని నేరుగా చల్లక, పేడగుంటలో పేడపొరకు, చెత్తపొరకు నడుమ పలుచగా చల్లి మ్రగ్గనీయుడు. కుళ్లుటలో పుట్టు ఆమ్లములును, సూక్ష్మజీవులును కొంత భాస్వరమును కరగించును. సున్నము తక్కువగల ఎర్ర చలకలలోను, బత్తాయి, నిమ్మ వంటి దీర్ఘకాలపు తోటల పాదులలోను ఇది నిదానముగా పనిచేయును. మన్ను పరీక్ష చేయించి భాస్వరము కొరత కలదని తెలిసికొన్నపిదపనే వేయుట మేలు. తీసివేసిన మన్నును పైన కప్పుట మరువరాదు.

ఎముకల పొడిని పశువులకు మేపరాదు. పూర్వము శుద్ధిచేసిన ఎముకల పొడిని దాణాలో కలుపుట మంచిదని చెప్పెడివారు. 1986లో బ్రిటనులో ఆవులకు మతి చెడు వ్యాధి బయటపడినది. చచ్చిన పశువుల మాంసమును, ఎముకలను పొడిచేసి ఆవులకు మేపుటవలన అది వ్యాపించినదని తేలెను. 1996లో అది మనుష్యులకును సోకుచున్నదని అచటి ప్రభుత్వము ప్రకటించెను. పొలమునకు ఎరువైనది గాదెలోని దాణాతో కలియకుండ వేరుగా ఉంచవలెను.

రాబందులు లేని లోటు

ఒకనాడు ఊరి వెలుపలి కళేబరమును రాబందులు కొన్ని గంటలలో శుభ్రముచేసెడివి. 1990 తరువాత ఆ పక్షులు దేశమంతట కూలిపోయినవి. పశువుల నొప్పికి వాడు డైక్లోఫినాకు అను మందు కళేబరములో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో వెల్లడియైనది. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. మన రాష్ట్రమున బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టపై 2013లో రాబందులు కనబడుట ఒక శుభవార్త. కాని మేళ్లచెరువు కళేబరములను అవి వచ్చి తినునని ఎదురుచూడలేము. ఆ చోటికి నేడు వీధికుక్కలు వచ్చుచున్నవి; వానితో పిచ్చికుక్క భయము వచ్చుచున్నది. పశువునకు నొప్పిమందు వేయించునపుడు మెలాక్సికాము వంటి నిరపాయమైన మందును వైద్యునివద్ద అడుగుడు.

తోలును, దానిని ఒలుచు చేతులును

తోలు ఊనుటకు మన చలకలలో విరివిగా పెరుగు తంగేడు చెక్కయు, కరక్కాయయు పూర్వమునుండి వాడుకలో నున్నవి. కొమ్మలు నరికినను తంగేడు మరల చిగురించును. వేరుతో పెరికిన చోట మరునాటికి చెక్క దొరకదు. క్రోమియపు లవణములతో ఊనుట త్వరితమైన పని. కాని ఆ నీటిని, మడ్డిని శుద్ధిచేయక కాలువలోనికి వదలినచో నేలకును, నీటికిని కీడు. తంగేడు నీరును చెరువులోనికి వదలదగినది కాదు; చర్మమునకు పట్టించిన ఉప్పు కడిగిన నీరు పైరును చెరచును. తెనాలి ప్రాంతమున 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు మదరాసునందలి కేంద్ర చర్మపరిశోధన సంస్థను నడపి, శాస్త్రమును ఊరి చర్మకారుని చెంతకు తేవలెనని పాటుపడిరి. ఆ మార్గమే మనకు మార్గము.

ఇచట ఒక మాట దాచక చెప్పవలెను. నిజాం ప్రభుత్వకాలమున ఈ ప్రాంతపు మాదిగలు దొరల యిండ్లకు చెప్పులు, మోటబొక్కెనలు, వార్లు వెట్టిగా కుట్టియిచ్చిరి. చచ్చిన పశువును మోయుట వారి పుట్టుకకు అంటగట్టిన పనియైనది. ఆ వెట్టి పోయినది. ఆ తలపు పూర్తిగా పోలేదు. కళేబరమును తీయుట నేర్పుగల పని, అపాయముగల పని. దానికి ముందుగా మాట్లాడుకొన్న కూలి, రబ్బరు చేతితొడుగులు, బూట్లు, సబ్బు, నీరు ఇయ్యవలెను. చేతిపై పుండున్నవానిని ఆ పనికి పిలువరాదు. చేయనన్నవానిని నిర్బంధింపరాదు. ఎముకలు, తోలు అమ్మగా వచ్చిన సొమ్ములో పనిచేసినవానికి పాలుండవలెను. ఎరువు మనకు, రోగము వారికి అను ఏర్పాటు సహకారము అనిపించుకొనదు.

సంఘము చేయదగిన పని

రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ క్రింది విషయములను తీర్మానింపవలెనని మా మనవి. బావులకు, చెరువునకు దూరముగా, గ్రామపంచాయతీ అనుమతితో, కంచెవేసిన ఒక చోటు ఏర్పరచుట. పశువు చచ్చినవెంటనే కబురు పంపుటకు ఒకరిని నియమించుట. చావు తేదీని, కారణమును పుస్తకమున వ్రాయుట. పశువైద్యుడు అనుమతించిన కళేబరములను మాత్రమే ఒలిపించుట. పనివారికి కూలియు, రక్షణసామగ్రియు సంఘనిధినుండి ఇచ్చుట. చుట్టుపట్ల సంఘములతో కలిసి ఒక ఆవిరిపాత్రను కొనుటకు వ్యయము లెక్కవేయుట. ఆ యంత్రము వచ్చుటకు కాలము పట్టవచ్చును. మొదటి ఐదు పనులకు మాత్రము పెద్ద పెట్టుబడి అక్కరలేదు. వానిని ఈ వానకాలమునకు ముందే మొదలిడవచ్చును.