అంగడిలో మహమ్మారి

ఒక ప్రాంతంలో ప్రబలే అంటువ్యాధి దేశాల ఎల్లలు దాటి ప్రపంచమంతటా విస్తరించినప్పుడు దానిని మహమ్మారి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొన్నది. అటువంటి వ్యాధి మనుషుల శరీరాలనే కాక వారి నిత్యజీవితాన్ని కూడా పీడిస్తుంది. ఆ పీడన ఎటువంటిదో తెలుసుకోవడానికి అంగడిని మించిన చోటు లేదు.

విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్ తరతరాలుగా నగరవాసుల అవసరాలు తీరుస్తున్న అంగడి. కూరగాయలు, పండ్లు, పూలు, పచారీ సరుకులు అక్కడ టోకుగాను, చిల్లరగాను అమ్ముడవుతాయి. అంగడికి జనసమ్మర్దమే ప్రాణం. బేరమాడాలంటే దగ్గరకు రావాలి, గొంతెత్తి మాట్లాడాలి. ఆ వ్యాధి వ్యాపించడానికి అనువైన పరిస్థితులు కూడా అవే. మాట్లాడినప్పుడు, దగ్గినప్పుడు వెలువడే తుంపరలు, గాలి ఆడని ఇరుకు ప్రదేశాలు దానికి తోడ్పడతాయి.

2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. అయితే ప్రజలు తినక తప్పదు కనుక అంగళ్ళను పూర్తిగా మూసివేయడం సాధ్యం కాదు. అందువల్ల అధికారులు రెండు మార్గాలు అనుసరించారు. మొదటిది, అమ్మకాలను ఉదయం వేళలకు పరిమితం చేయడం. రెండవది, నగరంలోని మైదానాలలో తాత్కాలిక రైతుబజార్లు తెరవడం. వీటిలో రెండవదే మేలైనది. వేళ కుదించినప్పుడు కొనేవారందరూ ఒకేసారి వచ్చి రద్దీ పెరిగే ప్రమాదం ఉంది. చోటు విస్తరించినప్పుడు మనుషుల మధ్య ఎడం ఏర్పడుతుంది, గాలి ధారాళంగా వీస్తుంది.

ఈ ఆంక్షల భారం అందరిపై సమానంగా పడలేదు. నెలజీతం పొందే ఉద్యోగికి ఇంటిపట్టున ఉండడం అసౌకర్యం మాత్రమే. మూటలు మోసే ముఠా కార్మికునికి సరుకు రాని రోజు కూలి లేని రోజు. వేకువన అప్పు చేసి ఆకుకూరలు కొని, సాయంత్రానికి అమ్మి బాకీ తీర్చుకొనే చిల్లర వ్యాపారికి మధ్యాహ్నమే అంగడి మూతపడితే సరుకు వాడిపోతుంది, అప్పు మిగిలిపోతుంది. ఆలయాలు మూతపడి, వివాహాలు వాయిదాపడగా పూలను కొనేవారు కరువయ్యారు. ప్రభుత్వాలు పేదలకు ఉచితంగా బియ్యం పంపిణీ చేశాయి. దానివల్ల ఆకలి కొంత తీరినా, ఇంటి అద్దె, పిల్లల చదువు, పాత బాకీలు అలాగే నిలిచాయి.

2021లో రెండవ విడత విజృంభించినప్పుడు ప్రాణవాయువుకు కొరత ఏర్పడింది. ఆ ఏప్రిల్‌లో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కు కర్మాగారం నుండి ద్రవ ప్రాణవాయువును మహారాష్ట్రకు చేరవేసింది. మే 5 నుండి మన రాష్ట్రంలో కర్ఫ్యూ విధించడంతో దుకాణాలు మళ్ళీ మధ్యాహ్నం 12 గంటలకే మూతపడ్డాయి. చిరువ్యాపారుల కష్టాలు పునరావృతమయ్యాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. వ్యాధి ఉధృతి తగ్గినా అది నేర్పిన పాఠాన్ని మరువరాదు. అంగళ్ళలో విశాలమైన దారులు, వెలుతురు, గాలి, చేతులు కడుక్కొనే వసతి ఉండాలి. అంతకంటె ముఖ్యంగా, ఏ పూటకు ఆ పూట సంపాదించుకొనేవారికి పని ఆగిన రోజున ఆసరా దొరకాలి. మన వంటింటికి కూరగాయలు చేర్చే చేతులు ఖాళీగా మిగిలిపోకుండా చూడడం సమాజం బాధ్యత.