స్వాతంత్ర్యమునకై ఓటు: దాని పూర్వాపరములు

ప్రతి జాతియు తన భవిష్యత్తును తానే నిర్ణయించుకొనవచ్చునను సూత్రము ఐక్యరాజ్య సమితి నియమపత్రమునందే చేరియున్నది. ఆ నిర్ణయమును తెలిసికొనుటకు గల మార్గములలో మిక్కిలి సూటియైనది ప్రజాభిప్రాయ సేకరణము. దీనినే రిఫరెండము అనియు అందురు. సామాన్య ఎన్నికలలో మనము ప్రతినిధులను ఎన్నుకొందుము. వారు నచ్చనిచో గడువు తీరిన పిమ్మట మార్చుకొందుము. స్వాతంత్ర్యమును గురించిన ఓటు అట్టిది కాదు. ఒక్కనాటి ఓటు వలన ఏర్పడిన సరిహద్దులు తరతరములు నిలుచును. కావున ఎన్ని ఓట్లు వచ్చినవని లెక్కించుటతో సరిపోదు. ఓటుకు ముందు ఏ ఒడంబడిక జరిగినది, తరువాత దానిని ఎవరెట్లు పాటించిరి అను రెండు విషయములను గూడ చూడవలెను. కొన్ని దేశముల అనుభవమును బట్టి ఈ సంగతిని పరిశీలింతము.

మొదట నార్వే. 1814 నుండి నార్వే, స్వీడను దేశములు ఒకే రాజు క్రింద ఉండెను. నార్వేకు ప్రత్యేక శాసనసభ ఉన్నను, విదేశ వ్యవహారములు స్వీడను చేతిలో ఉండెడివి. నార్వే ప్రజలకు నౌకావాణిజ్యము ముఖ్యమైన జీవనాధారము. అందుచేత విదేశములలో తమకు ప్రత్యేక కాన్సలు కార్యాలయములు కావలెనని వారు కోరిరి. శాసనసభ చేసిన చట్టమునకు రాజు సమ్మతింపలేదు. 1905 జూన్ 7న శాసనసభ స్వీడనుతో గల రాజబంధము తెగిపోయినదని తీర్మానించెను. అయితే ఇది ప్రజల కోరికయే అని ఓటు ద్వారా రుజువు కావలెనని స్వీడను పట్టుపట్టెను. ఆగస్టు 13న జరిగిన ఓటింగులో విడిపోవుటకు అనుకూలముగా 3,68,208 ఓట్లును, ప్రతికూలముగా కేవలము 184 ఓట్లును వచ్చెను. ఆనాడు స్త్రీలకు ఈ ఓటు హక్కు లేదు. వారు తమంతట తామే రెండు లక్షలకు పైగా సంతకములు సేకరించి సమర్పించిరి.

ఇంతటి ఏకాభిప్రాయము వెల్లడి యైనను సమస్య తీరలేదు. ఉభయ దేశముల సైన్యములును సన్నద్ధములై యుండెను. అప్పుడు కార్ల్‌స్టాడ్ పట్టణమున ఇరుపక్షముల ప్రతినిధులు సమావేశమైరి. సరిహద్దునందలి కొన్ని కోటలను నార్వే తొలగించుటకును, ఇరువైపుల సైన్యము లేని మండలమును ఏర్పరచుటకును ఒప్పుకొనిరి. అక్టోబరు 26న రాజు రెండవ ఆస్కార్ నార్వే సింహాసనముపై తన హక్కును వదలుకొనెను. ప్రజల మనస్సును ఓటు తెలిపినది. యుద్ధమును తప్పించినవి సంప్రదింపులు.

ఓటుకు ముందు తేల్చుకొనవలసిన వానిలో మొదటిది ప్రశ్న. ప్రజలు సమాధానము మాత్రమే చెప్పగలరు. ప్రశ్నను వ్రాయువారు వేరు. ఇందుకు మన ఉపఖండముననే ఒక నిదర్శనము కలదు. 1947 జూలైలో వాయవ్య సరిహద్దు రాష్ట్రమున ఓటింగు జరిగెను. ఇండియాలో చేరుదురా, పాకిస్తానులో చేరుదురా అని మాత్రమే అడిగిరి. సరిహద్దు గాంధీగా మన మెరిగిన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులు స్వతంత్ర పఠాను రాజ్యమను మూడవ మార్గము గూడ ఉండవలెనని కోరిరి. అది లభింపలేదు. వారు ఓటింగును బహిష్కరించిరి. పాకిస్తానుకు 2 లక్షల 89 వేలకు పైగా ఓట్లు రాగా, ఇండియాకు 3 వేలైనను రాలేదు. కాని ఓటర్లలో దాదాపు సగము మంది ఓటు వేయనే లేదు. లెక్క చూచిన ఏకపక్ష విజయమే. అయినను ఆ రాష్ట్రపు మనస్సు పూర్తిగా ఆ లెక్కలో చేరినదని చెప్పజాలము.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున 1995లో అడిగిన ప్రశ్న మరియొక విధముగా చిక్కైనది. కెనడాతో నూతన ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యమును ప్రతిపాదించిన పిమ్మట క్విబెక్ సార్వభౌమత్వము పొందుటకు సమ్మతింతురా అని అడిగిరి. ఇది విడిపోవుటయా, క్రొత్త పొత్తు కుదుర్చుకొనుటయా అని పలువురు సందేహించిరి. నూటికి 93 మందికి పైగా ఓటు వేసిరి. వద్దన్నవారు 50.58 శాతము, కావలెనన్నవారు 49.42 శాతము. సుమారు 54 వేల ఓట్ల తేడాతో ఒక మహాదేశము చీలిపోకుండ నిలిచెను. ఆ దగ్గరి ఫలితము చూచిన పిమ్మట 1998లో కెనడా సుప్రీము కోర్టు ఒక అభిప్రాయము నిచ్చెను. తనంత తాను విడిపోవు హక్కు క్విబెక్‌కు లేదు. కాని స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన ఆధిక్యముతో ప్రజలు ఔనన్నచో, కెనడా సంప్రదింపులకు రాక తప్పదు. 2000లో పార్లమెంటు దీనిని చట్టముగా చేసెను. అయితే ఎన్ని శాతములు వచ్చిన ఆధిక్యము స్పష్టమగునో ఆ చట్టము చెప్పలేదు.

ఆ అంకెను ముందే నిర్ణయించుకొన్న దేశము మాంటెనీగ్రో. 2006 మే 21న సెర్బియాతో పొత్తు విడుచుటకు అక్కడ ఓటింగు జరిగెను. యూరపియను యూనియను మధ్యవర్తిత్వముతో, 55 శాతము ఓట్లు వచ్చిననే స్వాతంత్ర్యము చెల్లునని ఇరుపక్షములును ముందుగా అంగీకరించెను. వచ్చినవి 55.5 శాతము. హద్దును దాటినది రెండు వేల చిల్లర ఓట్లతో మాత్రమే. అయినను జూన్ నెలలోనే సెర్బియా మాంటెనీగ్రోను స్వతంత్ర రాజ్యముగా గుర్తించెను. ఆట ముగిసిన తరువాత నియమములు వ్రాయవలసిన అగత్యము కలుగలేదు.

నియమములలో లోపమున్నచో ఏమగునో తూర్పు తైమూరు చూపినది. 1975లో ఇండొనీషియా ఆక్రమించిన ఆ దేశమున 1999 ఆగస్టు 30న ఐక్యరాజ్య సమితి ఓటింగు జరిపెను. 78.5 శాతము మంది ఇండొనీషియాలో స్వపరిపాలనను నిరాకరించి స్వాతంత్ర్యమును కోరిరి. కాని శాంతిభద్రతల భారమును ముందటి ఒడంబడిక ఇండొనీషియాకే అప్పగించియుండెను. ఫలితము ప్రకటించగనే సాయుధ ముఠాలు ఊళ్లను తగులబెట్టినవి. వేయిమందికి పైగా మరణించిరి. అంతర్జాతీయ సేనలు దిగిన పిమ్మటనే శాంతి నెలకొనెను. 2002 మే 20న ఆ దేశము స్వతంత్రమయ్యెను.

దక్షిణ సూడాను కథ ఇంకను విచారకరము. 2011 జనవరిలో 98.83 శాతము మంది స్వాతంత్ర్యమును కోరగా, జూలై 9న క్రొత్త రాజ్యము అవతరించెను. అయితే చమురు బావులలో అధిక భాగము దక్షిణమున, దానిని సముద్రమునకు చేర్చు గొట్టములు ఉత్తరమున ఉండెను. గొట్టముల సుంకమును గూర్చిన తగవుతో 2012లో చమురు ఉత్పత్తియే ఆగిపోయెను. 2013 డిసెంబరులో అధికారమునకై నాయకుల మధ్య కలహము అంతర్యుద్ధముగా మారెను. ఎవరి నుండి విడిపోవలెనో ఓటు చెప్పినది. విడిపోయిన పిమ్మట కలిసి యెట్లు బ్రతుకవలెనో అది చెప్పలేదు.

ఓడిపోయిన ఓటు గూడ రాజకీయములను మార్చును. 2012లో బ్రిటిషు ప్రభుత్వమును స్కాట్లండు ప్రభుత్వమును ఎడింబరోలో ఒప్పందము చేసికొని, ఫలితమును గౌరవింతుమని ముందే ప్రకటించెను. 2014 సెప్టెంబరు 18న 55.3 శాతము మంది స్వాతంత్ర్యము వద్దనిరి. ఒక్క తుపాకి మ్రోగలేదు. 2016 నాటి చట్టము స్కాట్లండు పార్లమెంటునకు ఆదాయపు పన్ను మొదలగు విషయములలో అధికారములను పెంచెను. కాని అదే సంవత్సరము బ్రిటను యూరపియను యూనియనును విడుచుటకు ఓటు వేయగా, స్కాట్లండులో 62 శాతము మంది దానిని వ్యతిరేకించిరి. పరిస్థితి మారినది గనుక మరల అడుగవలెనని ఒక పక్షము, ఒకసారి చెప్పిన తీర్పే చాలునని వేరొక పక్షము వాదించినవి. లండను సమ్మతి లేక మరల ఓటింగు జరుపు చట్టము చేయజాలరని 2022లో బ్రిటిషు సుప్రీము కోర్టు నిర్ణయించెను.

ఇకముందు ఏ దేశమునందైనను ఇట్టి ఓటింగు జరుగుచున్నదని వార్తలలో విన్నప్పుడు, శాతములకు ముందుగా కొన్ని సంగతులు విచారింపవలెను. ప్రశ్న స్పష్టమైనదేనా? ఓటు హక్కు ఎవరికి ఇచ్చిరి? ఎంత ఆధిక్యము కావలెనో ముందే నిర్ణయించిరా? ఫలితమును పాటింతుమని ఉభయులును మాట యిచ్చిరా? ఓటు వేసిన ప్రజలకు రక్షణ ఎవరిది? అన్నిటికంటె ముఖ్యముగా, ఓడినవారు మరునాడు ఆ గడ్డ మీదనే నిర్భయముగా బ్రతుకగలరా? వీనికి సరియైన సమాధానములు ఉన్నచోట కొద్దిపాటి ఆధిక్యమైనను శాంతిని తెచ్చినది. లేనిచోట నూటికి తొంబది యెనిమిది ఓట్లును ప్రజలను కాపాడలేకపోయినవి.