కోయకుండా కాచుకునే క్యాన్సర్

"అమ్మకు థైరాయిడ్‌లో 7 మిల్లీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉందట. డాక్టరుగారు ఆపరేషన్ ఇప్పుడొద్దు, ఆర్నెల్ల తర్వాత స్కాన్ చేద్దాం అంటున్నారు. క్యాన్సరని తెలిశాక ఎలా ఊరుకుంటాం?" అని ఒక పాఠకురాలి ప్రశ్న. ఈ భయం ఎవరికైనా సహజమే. కానీ ఆ డాక్టరు మాట వెనక ముప్పై ఏళ్ల లెక్క ఉంది.

థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం పాపిలరీ రకం. 1985లో ఫిన్లాండులో హరాక్ అనే పరిశోధకుడి బృందం, శవపరీక్షకు వచ్చిన 101 మంది థైరాయిడ్ గ్రంథులను రెండున్నర మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి చూసింది. 36 మందిలో ఈ క్యాన్సర్ కనిపించింది! చాలావరకు మిల్లీమీటరు కూడా లేనివే. అంటే ఈ చిట్టి క్యాన్సర్ ఉందని తెలియకుండానే చాలామంది జీవితం గడిపేస్తారన్నమాట.

దక్షిణ కొరియా ఈ సంగతి పట్టించుకోలేదు. 1999లో మొదలైన క్యాన్సర్ పరీక్షల పథకంతో పాటు ఆస్పత్రులు మెడ స్కాన్ కూడా చౌకగా చేసిపెట్టాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. చావులు మాత్రం తగ్గలేదు. ఆపరేషనైన వారిలో నూటికి 11 మందికి థైరాయిడ్‌ను ఆనుకుని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని రక్తంలో కాల్షియం పడిపోయింది. నూటికి ఇద్దరికి స్వరతంతువు చచ్చుబడింది.

జపానులో కోబే నగరపు కుమా ఆస్పత్రిలో సర్జన్ అకిరా మియౌచి 1993లోనే ఎదురు దారి పట్టారు: సెంటీమీటరు లోపు గడ్డైతే కోయకుండా, ఏటా స్కాన్ చేస్తూ చూద్దామని. 3 మిల్లీమీటర్లు పెరిగితేనే పెరిగినట్టు లెక్క. అంతకన్నా తక్కువ తేడా కొలతలో పొరపాటైనా కావచ్చు. 3 మిల్లీమీటర్లంటే వినడానికి చిన్నదే గానీ, 7 నుంచి 10కి చేరితే గడ్డ ఘనపరిమాణం దాదాపు మూడింతలవుతుంది.

అలా కోయకుండా కాచుకున్న 1,235 మంది ఫలితాలు 2014లో వచ్చాయి. అసలు వింత ఇక్కడే. పెద్ద థైరాయిడ్ క్యాన్సర్ వయసు మళ్లినవారికే ఎక్కువ ప్రమాదం. ఈ చిట్టి గడ్డల్లో అంతా తలకిందులు! 40 లోపు వారిలో 8.9 శాతం మందికి జబ్బు ముందుకెళ్లింది. 60 దాటినవారిలో 1.6 శాతం మందికే. మనిషి ముదిరేకొద్దీ గడ్డ ముదరడం తగ్గిందన్నమాట. ఈ క్యాన్సర్‌తో ఒక్కరూ పోలేదు. పెరిగాక ఆపరేషన్ చేయించుకున్నవారికీ ఆలస్యం వల్ల నష్టం జరగలేదు.

అన్ని క్యాన్సర్లకూ ఈ సూత్రం వర్తించదు సుమా. గడ్డ శ్వాసనాళానికో, స్వరం నడిపే నరానికో ఆనుకుని ఉందా, మెడ గ్రంథులకు పాకిందా అన్నది డాక్టరుగారినే అడగండి; అలాంటి గడ్డలకు ఈ ఎదురుచూపు పనికిరాదు. ఏ బాధా లేనివారికి మెడ స్కాన్ కలిపి అంటగట్టే చెకప్ ప్యాకేజీలంటే మాత్రం నాకు మంట. ఆ దారెటు పోతుందో కొరియా చూపించింది కదా!